నల్లరంగు ఫ్రేమూ, దాన్ని అమ్మే పెద్దమనిషీ

లిఫ్టుల తనిఖీ ఆఫీసు,
మూడో అంతస్తు (మెట్లెక్కే వచ్చాను)

మహారాజశ్రీ బావగారికి,

బావమరిది నమస్కరించి రాయునది. నేనిక్కడ క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని అక్క ఫోన్లో గంటసేపు చెప్పింది. నీ సంగతి అడిగితే "ఆయనకేం, బాగానే ఉన్నారు" అని తేల్చేసి పెట్టేసింది. నేనెప్పుడు ఫోన్ చేసినా అది అక్క దగ్గరే ఆగిపోతుంది, నీదాకా రాదు. అందుకే మన సైకిళ్ళ కబుర్లకి ఇన్నేళ్ళుగా ఉత్తరాలే గతి.

అసలు సంగతికొస్తాను. ఒక కార్బన్ ఫైబర్ ఫ్రేము కొందామనుకుంటున్నాను. కొత్తది కాదు, ఎవరో వాడినది. నవ్వకు. నా ఇనప సైకిలు ఎవరింటి గేటో ఊడదీసి చక్రాలు తగిలించినట్టుంటుందని ఎగతాళి చేసింది నువ్వే. ఏటా వానలు వెలిశాక మనిద్దరం రేడియో టవరు కొండ ఎక్కుతామా, నువ్వు పైకి చేరి, రాయి మీద కూర్చుని, నేను రొప్పుతూ రావడం చూసి నవ్వుతుంటావు. ఈసారి ఆ పప్పులుడకవు.

వాడిన వస్తువులు అమ్మే వెబ్‌సైటులో ఒక నల్లరంగు ఫ్రేము చూశాను. అమ్మే మనిషిది మీ ఊరేనట. పేరు రాయాల్సిన చోట 'సైకిల్ ప్రేమికుడు' అని రాసుకున్నాడు. అంత ప్రేముంటే అమ్మడమెందుకో నాకర్థం కాలేదు.

ఈ కార్బన్ గురించి కొన్నాళ్ళుగా అదే పనిగా చదువుతున్నాను, నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు. ఇనుమైతే విరిగే ముందు వంగుతుంది, చప్పుడు చేస్తుంది, ఏదో ఒకటి చెబుతుంది. ఇది చెప్పదట. పైన నున్నగా మెరుస్తూనే ఉంటుంది, లోపల పొరలు విడిపోయి ఉంటాయి. ఒకరోజు మంచి దిగుడులో ఉండగా టక్కుమంటుంది. కాబట్టి కొనేముందు గొట్టాలన్నీ నాణెంతో తట్టి వినాలి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపం. సీటు గొట్టంలోకి లైటు వేసి చూడాలి. దూదితో తుడవాలి, దూది ఎక్కడైనా పట్టుకుందంటే అక్కడ నార లేచినట్టు. ఇవన్నీ చదువుతుంటే నాకు నువ్వే గుర్తొచ్చావు. తట్టడం, లైటు వేయడం, పగుళ్ళు వెతకడం, పళ్ల డాక్టరు బతుకంతా ఇదే కదా. నీ చిన్న అద్దం జేబులో వేసుకుని ఒకసారి వెళ్ళి చూసిరా బావా.

ముఖ్యంగా ఆ రంగు చూడు. కొత్తగా వేసినట్టుంది. లిఫ్టు గదిలో ఒక గోడకి మాత్రం కొత్తగా రంగు వేశారంటే నేను ముందు ఆ గోడనే తడతాను.

ఇట్లు,
గేటెక్కి తిరిగే నీ బావమరిది


క్లినిక్, వెనక గది
(కుర్చీలో ఉన్న మనిషి దవడ మొద్దుబారేలోపు రాస్తున్నాను)

ఒరేయ్ అనుమానం మనిషీ,

నీ ఉత్తరం అందింది. నీ ఇనప సైకిలుకి ఇప్పుడేమొచ్చింది? గేటు అన్నది నేనే, ఒప్పుకుంటాను. కానీ గేటు గట్టిగా ఉంటుంది. ఈ వయసులో నీకు కార్బన్ మోజెందుకు?

అయినా అడిగావు కాబట్టి వెళ్ళాను. ఇల్లు పట్టుకోవడం కష్టమే అయింది. నాలుగు సందులు తిరగాల్సి వచ్చింది.

ముందు ఫ్రేము సంగతి చెబుతాను. పంటిని తట్టినట్టు అద్దం కాడతో ప్రతి గొట్టాన్నీ తట్టాను. ఎక్కడా మొద్దుగా పలకలేదు. లోపలికి లైటు వేశాను. పిప్పి లేదు, పగులు లేదు, చిగుళ్ళు... అంటే గొట్టాలు కలిసే చోట్లు కూడా ఆరోగ్యంగా ఉన్నాయి. దూది ఎక్కడా పట్టుకోలేదు. ఇంత శుభ్రమైన నోరు నా జీవితంలో చూడలేదని రాసి సంతకం పెట్టమన్నా పెడతాను.

అంతమాత్రాన కొనెయ్యకు. ఫ్రేము బంగారం, మనిషే తేడా. తలుపు తీయడానికే ఆలోచించాడు. మీసాలకి రంగేస్తాడు. మెడ బిర్రబిగించుకుని ఉంటాడు, పక్కకి చూడాలంటే మనిషంతా తిరుగుతాడు. ఏమడిగినా నీళ్ళు నములుతాడు. తనకే అన్నీ తెలుసునని ఓ పెద్ద నమ్మకం. వాళ్ళావిడ మాత్రం మంచి మనిషి. అడక్కుండానే నాకు టీ తెచ్చిచ్చింది. ఆయనకి ఇవ్వలేదు, ఎందుకో మరి.

ఇలాంటివాళ్ళ దగ్గర వస్తువు కొంటే తర్వాత ఉత్తపుణ్యానికి తలనొప్పి. వదిలెయ్. మీ అక్క నిన్నడిగినట్టు చెప్పమంది.

నీ
బావ


లిఫ్టుల తనిఖీ ఆఫీసు,
కిటికీ పక్క బల్ల (కిటికీ మూసుకోదు, జల్లు లోపలికి కొడుతోంది)

బావకి,

నీ రిపోర్టు చదివి ఆఫీసులో ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే మా పై అధికారి వచ్చి జ్వరమేమో చూసుకోమన్నాడు.

ఫ్రేము బాగుందన్నావు, చాలు, నేను మానేది లేదు. ఇక ఆ పెద్దమనిషంటావా, నాకు తెగ నచ్చేశాడు. మీసాలకి రంగేసుకునే మనిషి ఫ్రేముకి వేయకుండా ఎలా ఉంటాడు, పాపం, చేతి అలవాటు. వాళ్ళావిడని తలుచుకుంటేనే జాలేస్తోంది. అంత మంచావిడ అలాంటివాణ్ని ఎలా చేసుకుందో. ఆవిడకో తమ్ముడుంటే గనక పెళ్ళినాడే అడ్డం పడాల్సింది. వాడెవడో గానీ ఒట్టి దద్దమ్మ అయ్యుంటాడు, పీటల దాకా రానిచ్చాడు.

సరే, వేళాకోళం పక్కన పెడతాను. నువ్వు అడగాల్సింది అడగకుండా వచ్చేశావు. వాడిన వస్తువు కొనేవాడు మొదట అడిగే ప్రశ్న ఒకటే, ఎందుకు అమ్ముతున్నారు అని. నేను చదివిన వాళ్ళందరూ ఈ ఒక్క మాట మీద మాత్రం ఏకమయ్యారు. మనిషి నిదానంగా, సూటిగా జవాబు చెబితే కొనొచ్చు. కథలు చెబితే లేచి వచ్చెయ్యాలి. కాబట్టి మళ్ళీ వెళ్ళు.

ఇంకో రెండు సంగతులు కనుక్కో. ఆ మెడ బిర్రబిగించుకోవడం పొగరా, నొప్పా? నువ్వు డాక్టరువి కదా, పళ్ల డాక్టరువైనా. రెండోది, హ్యాండిల్ కిందుండే ఫోర్కు గొట్టం ఎంత మిగిలిందో చూడు. కొంతమంది షోకు కోసం దాన్ని పొట్టిగా కోయించేసి హ్యాండిల్‌ని కిందికి దించుకుంటారు. ఒకసారి కోస్తే మళ్ళీ పెరగదు, హ్యాండిల్ పైకి లేపుకోవడానికి వీలుండదు.

జవాబు కోసం ఎదురుచూస్తూ,
నీ బావమరిది


క్లినిక్
(ఇవాళ వాన, ఒక్కరూ రాలేదు)

ఒరేయ్,

నువ్వు లిఫ్టుల్లోనే ఉండిపోవాల్సింది, బయట మనుషుల్ని పీక్కుతింటున్నావు.

మళ్ళీ వెళ్ళాను. గొట్టం పొట్టిగానే ఉంది. దాన్ని షోకు అనకు. హ్యాండిల్ కిందుంటే మనిషి ఒంగి తొక్కుతాడు, గాలి తక్కువ తగులుతుంది, ఎక్కుడులో పట్టు దొరుకుతుంది. తొక్కేవాడికి తెలుస్తుంది అది, గేటు మీద నిటారుగా కూర్చునేవాడికి కాదు. ఆయన తరఫున నేను మాట్లాడుతున్నానని కాదు, న్యాయం చెబుతున్నాను.

ఎందుకు అమ్ముతున్నాడంటే, కొత్తది కొన్నాడట. లేదంటే కొనబోతున్నాడట. ఇంట్లో చోటు లేదని కూడా అన్నట్టు గుర్తు. రంగు మార్పు కోసం వేశాడట, ఎంతకాలమని ఒకే రంగు చూస్తాం. మెడ సంగతి, పొగరే. నేను నిక్కచ్చిగా పరీక్షించాను.

ఇంకో కబురు. నేను అక్కడుండగానే ఎవరో వచ్చి ఫ్రేము కొనేసుకున్నారు. బేరం అయిపోయింది. ఇక ఆ ఊసెత్తకు. నువ్వు వేరే ఫ్రేము వెతుక్కో, కావాలంటే నేనూ వెతికిపెడతాను.

బావ

ఒరేయ్, కింద రాస్తున్నది అక్కని. కవరు అంటించమని నా చేతికిచ్చి స్నానానికి వెళ్ళారు. అంటించే ముందు చదవకుండా ఎలా ఉంటాను?

ఎవరూ ఏదీ కొనలేదు. కొంటానని ఇప్పటికి ముగ్గురొచ్చారు. ఒకాయన పొడుగని, ఇంకొకాయన పొట్టని వెనక్కి పంపేశారు. మూడో ఆయన సరిగ్గా ఈయనంతే ఉన్నాడు, ఆయన ముఖం చూస్తే నమ్మకం కలగలేదట. ఆ 'అమ్మే మనిషి' రోజూ క్లినిక్ నుంచి రాగానే నీ ఫ్రేముని కిందికి దించి, తుడిచి, మళ్ళీ గోడకి తగిలిస్తున్నాడు. ఇంట్లో మెత్తటి గుడ్డలన్నీ అయిపోయాయి, ఇప్పుడు నా దుప్పటి మీద కన్నుపడింది. వాళ్ళావిడ టీ ఎందుకివ్వలేదో అడిగావా? ఈ నాటకం ఆపేదాకా ఇవ్వదు.

ఎందుకు అమ్ముతున్నారో నాకు తెలుసు. నేను చెప్పను. చెప్పాల్సిన మనిషి చేతే చెప్పించు. నువ్వు తిండి సరిగ్గా తిను.


ఇంట్లో,
వంటింటి బల్ల మీద

బావా,

నువ్వు ఆ ఇంటికి రెండుసార్లు శ్రమపడి వెళ్ళావు కాబట్టి నేను కూడా నిజం చెప్పేస్తాను. ఆ ఫ్రేము ఎవరిదో నాకు మొదటి రోజు నుంచే తెలుసు. ఫోటోలో అది వేలాడుతున్న కొక్కెం నేను కొట్టిందే. ఎడమ మేకు లోపలికి దిగలేదని వంచి వదిలేశాను, నువ్వు వారం రోజులు తిట్టావు. ఎర్ర ఫ్రేముకి నల్లరంగు పూసి చెవిలో పువ్వు పెడదామనుకున్నావు గానీ, గోడకి రంగు వేయించడం మర్చిపోయావు.

తెలిసి కూడా నాటకమాడానని కోపం తెచ్చుకోకు. నేరుగా అడిగితే నువ్వేమంటావో నాకు తెలుసు. "ఏం లేదురా" అంటావు. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళ చేత గంటసేపు నోరు తెరిపిస్తావు గానీ, నువ్వు మాత్రం తెరవవు. బావమరిదికి అడిగే హక్కు లేకపోయినా కొనేవాడికి ఉంటుంది కదా అని ఆ వేషం కట్టాను.

కట్టినందుకు సరదాగానే ఉంది, నీ మీసాల గురించి నీ చేతే రాయించాను. కానీ ఆ ఫోటో చూసిన రోజు మాత్రం నాకు అన్నం సయించలేదు. ఆ ఫ్రేము కోసం నువ్వెంత తపించావో నాకు తెలుసు. అలాంటిది ఊరూ పేరూ లేనివాడికి అమ్మేస్తున్నావంటే గుండెకేమైనా అయిందా, ఏదైనా పెద్ద జబ్బు దాస్తున్నావా అని నానా రకాలుగా ఆలోచించాను. అక్క గొంతులో ఏమైనా తేడా ఉందేమోనని ఫోన్ మీద ఫోన్ చేశాను. అన్ని కబుర్లూ చెప్పింది గానీ ఇది చెప్పలేదు.

భయంగా ఉంది బావా. ఇక వేషం లేదు, వేళాకోళం లేదు. ఎందుకు అమ్ముతున్నావు?

నీ తమ్ముడులాంటివాడు


ఇంట్లో,
కిటికీ దగ్గర ఎత్తు కుర్చీ

ఒరేయ్ నాన్నా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని చాలా రోజులు తిరిగాను. ముందే చెబుతున్నాను, గుండె గట్టిగా ఉంది. బెంగపెట్టుకోకు. వచ్చిన చిక్కల్లా మెడతోనే.

ఇన్నేళ్ళు వంగి జనం నోళ్ళలోకి చూశాను కదా, మెడ పూసలు అరిగాయట. క్లినిక్‌లో నెట్టుకొస్తున్నాను, కుర్చీ ఎత్తు చేయించాను. సైకిలు మీదే కుదరడం లేదు. హ్యాండిల్ పట్టుకుని ఒంగితే తల పైకి లేవదు. రోడ్డు కనిపించదురా, ముందు చక్రం ఒక్కటే కనిపిస్తుంది. ఆమధ్య ఒక పొద్దున అలాగే వెళుతున్నాను, ఎవరో కేకేశారు. బ్రేకు వేసి చూస్తే ఆగి ఉన్న లారీ వెనక భాగం నా ముక్కుకి ఆనుతోంది. ఏమీ కాలేదు. కానీ ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చాను.

మా డాక్టరు సైకిలు మానమనలేదు. నిటారుగా కూర్చుని తొక్కమన్నాడు. దానికి హ్యాండిల్ పైకి లేపాలి, లేపడానికి గొట్టం లేదు. నువ్వన్నది నిజమే, షోకే. కుర్రాళ్ళ సైకిళ్ళు చూసి ముచ్చటపడి నేనే దగ్గరుండి కోయించాను.

మెడనొప్పి చెప్పుకోవడానికి సిగ్గేమిటని మీ అక్క దెబ్బలాడుతుంది. నాకు సిగ్గు మెడ గురించి కాదు. పళ్ళు పీకడం కాకుండా నేను బాగా చేసిన పని ఏదైనా ఉందంటే అది ఆ కొండ ఎక్కడమే. ఏడాదంతా ఆ ఒక్క రోజు కోసం చూస్తాను. నువ్వు రొప్పుతూ వచ్చి పక్కన కూలబడతావు, ఇద్దరం నీళ్ళు తాగుతాం, నన్ను చూసి "నువ్వు మనిషివి కాదు బావా" అంటావు. ఈ ఏడు రాలేనని నీకు రాయాలి. ఎన్ని కాగితాలు తీసుకున్నా ఆ మాట రాయలేకపోయాను. మెడ బాగాలేదంటే జాలిపడతావు, సైకిలే లేదంటే తిట్టి ఊరుకుంటావు కదా అనిపించింది. అందుకే అమ్మకానికి పెట్టాను. ఊళ్ళో సైకిళ్ళవాళ్ళు గుర్తుపట్టి ఆరా తీస్తారని నల్లరంగు పూశాను. తీరా చూస్తే కొనడానికి నువ్వే తయారయ్యావు. నీ ఉత్తరం చదివినప్పుడు నా ముఖం చూడాల్సిందని మీ అక్క ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతోంది.

అసలైన రిపోర్టు కూడా రాస్తాను, నువ్వు అడిగింది అది. ఈ ఫ్రేము ఎప్పుడూ పడలేదు. తట్టి చూశానన్నది అబద్ధం కాదు, నిజంగానే దూదీ అద్దమూ పట్టుకుని కూర్చుని చూశాను. పెడళ్ళ దగ్గర, చైను జారి రాసుకుపోయిన గీత ఒకటుంది. పై పొరే, లోతుకి పోలేదు. రంగు కింద దాచినది అదొక్కటే. కావాలంటే తీసుకో. ఊరూ పేరూ లేనివాళ్ళకి ఇవ్వాలని ఎంత ప్రయత్నించినా చేతులు రావడం లేదు.

కొండకి మాత్రం నన్ను పిలవకు.

నీ
బావ


లిఫ్టుల తనిఖీ ఆఫీసు,
నేలమాళిగ, మోటారు గది పక్కన

బావా,

జాలిపడతానని భయపడ్డావు కదా, పడను. ఒళ్ళు మండుతోంది. ఒక మెడ కోసం నాకు అన్నమూ నిద్రా లేకుండా చేశావు.

ఫ్రేము నేనే కొంటున్నాను, పార్సిలు చేసి పంపు, చక్రాలవీ ఇక్కడ బిగించుకుంటాను. వెబ్‌సైటులోంచి ఆ 'సైకిల్ ప్రేమికుణ్ణి' ఇవాళే తీయించెయ్, చూడలేకపోతున్నాను. సైజు సంగతి నాకు వదిలెయ్, సీటు కాస్త దించుకుంటే నాకు సరిపోతుంది. నిన్న కొలతలు వేసుకున్నాను. డబ్బు సంగతి అక్కతో మాట్లాడుకుంటాను, నీతో బేరమాడితే నువ్వు ఎదురిచ్చేలా ఉన్నావు.

దానితో పాటు ఒక షరతుంది. నా ఇనప సైకిలు నువ్వు తీసుకోవాలి. దాన్ని సైకిళ్ళ షాపుకి తీసుకెళ్ళి హ్యాండిల్‌కి పొడుగు మెడ పెట్టించాను. ఇప్పుడు దానిమీద కూర్చుంటే నడుం నిలువుగా ఉంటుంది, తల వంచక్కర్లేదు. నీ పొడుక్కి సీటు కూడా పెంచాను. నేనే ఊరంతా తిరిగి చూశాను. బ్రేకులు, చైను, చక్రాలు తనిఖీ చేశాను, లిఫ్టుకి ఇచ్చినట్టే సంతకం పెట్టి ఇస్తాను. బరువంటావా, బరువే. ఇన్నేళ్ళూ దానిమీదే ఆ కొండ ఎక్కాను. నిదానంగానే అనుకో, కానీ ఏ ఏడూ రాకుండా మానలేదు కదా.

కొండకి పిలవకు అన్నావు. పిలవడం లేదు. వానలు వెలిశాక వచ్చే ఆదివారం పొద్దున్నే కొండ కింద రెండు సైకిళ్ళు పెట్టుకుని నిలబడతాను. నువ్వు వస్తే ఎక్కుతాం. రాకపోతే రెండూ నడిపించుకుంటూ మీ ఇంటికే వస్తాను, నా ఫ్రేము కూడా ఆ గోడకే తగిలించుకో. నువ్వు లేకుండా నేను ఎక్కే ఉద్దేశం లేదు. పైకి చేరాక ఎగతాళి చేసేవాడు లేకపోతే అంత కష్టం ఎవరి కోసం?

నన్ను జాలిపడొద్దన్నావు. నువ్వు కూడా నీ మీద జాలిపడటం మానెయ్ బావా.

నీ బావమరిది


ఇంట్లో,
వరండా (మీ అక్క టీ ఇచ్చింది)

ఒరేయ్ కార్బన్ దొరా,

క్షేమంగా చేరావని నీ ఫోను వచ్చిందట. అలవాటు ప్రకారం నాదాకా రాలేదు.

కొండెక్కి వచ్చిన దగ్గర్నుంచి ఒళ్ళంతా పులిసిపోయింది. తొడలు, భుజాలు, చేతులు, అన్నీ నొప్పే. మెడకి మాత్రం నొప్పి లేదు. ఈ మాట మీ అక్కకి చెబితే నమ్మలేదు, పక్కకి తిప్పించి చూసింది.

నీ గేటు గురించి ఇన్నేళ్ళుగా అన్నవన్నీ వెనక్కి తీసుకోను. అంతకంటే ఎక్కువే అనాల్సింది. అది ఎక్కదు, మనం దాన్ని ఎక్కించాలి. దానిమీద ఏటేటా నా వెనకే ఎలా వచ్చావురా? నాకు ఒకసారికే ప్రాణం కడబట్టింది. కానీ తలెత్తి కూర్చుని తొక్కడం బాగుంది. ఆ కొండకి అన్ని మలుపులున్నాయని, రెండో మలుపులో ఎవరిదో తేనెటీగల పెట్టెలున్న తోట ఉందని నాకిప్పుడే తెలిసింది. నేనెప్పుడూ నా చక్రం ముందున్న జానెడు రోడ్డే చూసుకుంటూ వెళ్ళాను.

నువ్వు మాటిమాటికీ ఆగి వెనక్కి తిరిగి చూశావు, వస్తున్నానా లేదా అని. వచ్చే ఏడు అలా చూడకు. పైకి పో, రాయి మీద కూర్చుని నవ్వుకో. నవ్వించుకోవడం నాకూ రావాలి.

ఒక సంగతి నీకు అక్కడ చెప్పలేదు, ఊపిరాడక. టవరుకి ముందొచ్చే నిటారు ఎక్కుడులో నువ్వు లేచి నిలబడి తొక్కావు చూడు. నేను బాగా కింద ఉన్నాను, ఆగిపోయి చూశాను. ఎండ సరిగ్గా ఆ ఫ్రేము మీద పడుతోంది. నీ కాళ్ళ కింద అది అటూ ఇటూ ఊగుతూ, చప్పుడు లేకుండా పైకి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ నేను దానిమీద కూర్చున్నాను గానీ, అది కొండెక్కుతుంటే ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు.

ఇంత బాగుంటుందని తెలిస్తే అమ్మేవాణ్ని కాను.

నీ
బావ